మా బావ ‘కనిపెట్టిన’ ఇంగ్లీషు పాటలు

మా చిన్నప్పుడు నెట్లోంచి ఒక్క పాట దిగాలంటే ఇరవై నిమిషాలు... మధ్యలో కరెంటు పోకపోతే!

ఆదివారం అమ్మ వన్ టౌన్ మార్కెట్లో గంప దించి చేపలు అమ్ముతుంటే, నేను ఆ పక్క సందులో మస్తాన్ భాయ్ నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. అప్పుడు నాది తొమ్మిదో తరగతి. లోపల కర్టెన్లు కట్టిన క్యాబిన్లు ఉండేవి. భాయ్ నన్ను అటు పోనిచ్చేవాడే కాదు. గుమ్మం పక్క కంప్యూటర్ నాది... రోడ్డున పోయే ప్రతివాడికీ నా వీపు కనిపించేది.

ఎక్కడో పరాయి దేశంలో ఎవరో ఒకాయన వారం వారం కొత్త గాయకుల పాటలు ఒక పేజీలో పెట్టేవాడు. పాప్, సోల్ అని రకరకాలు... ఫ్రీ డౌన్‌లోడ్. పేజీ నిండా పెద్ద పెద్ద పచ్చ బటన్లు. అవన్నీ మోసం, నొక్కితే వైరస్. అసలు లింకు అడుగున చీమ తలకాయంత ఉండేది. అది కనిపెట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది, భాయ్ చేత బోలెడు చీవాట్లు తిన్నాను.

సోల్ అంటే ఏమిటో నాకేం తెలుసు? ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ ఒకావిడ పాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటే... గంప దించాక మా అమ్మ తీసుకునే ఊపిరిలాగే ఉండేది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. సిగ్గేసి స్కార్ఫుతో తుడుచుకునేదాన్ని.

ఆ ఇంగ్లీషు పేర్లకి నాకు నోరు తిరిగేది కాదు. అందుకని దించిన ప్రతి పాటకీ పేరు మార్చి నాకు తోచింది పెట్టేదాన్ని... ‘వాన పాట’, ‘అమ్మ విసుగు’, ‘పడవ లాగుడు’. అవన్నీ నా ఫోన్ మెమరీ కార్డులోకి ఎక్కించుకుని జాలరిపేటకి వచ్చేదాన్ని.

వచ్చీ రాగానే మా బావ తయారు. మేనత్త కొడుకు, అప్పటికే కాలేజీ.

“ఏటే నూకాలూ, కొత్తవేటి తెచ్చినావ్? బ్లూటూత్ ఆన్ సెయ్యి.”

ఇచ్చేదాన్ని. పిచ్చిమొహాన్ని కదా... అన్నీ ఇచ్చేదాన్ని! వాడు కాలేజీలో వినిపించి, “నానే ఎతికినానురా” అని స్నేహితుల దగ్గర కాలర్ ఎగరేసేవాడట. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒక ఆదివారం ఆ స్నేహితులే వాణ్ణి వెంటబెట్టుకుని భాయ్ కొట్టుకి వచ్చారు. కొత్త పాటలు కావాలని అడిగారు. భాయ్ నా వైపు చెయ్యి చూపించాడు.

“నాకేటి తెలుత్తాది బాబూ... ఆ పాటలన్నీ దించేది ఈ పాపే. ఈమెనడగండి.”

వాళ్ళు బావ మొహం చూసి పగలబడి నవ్వారు. “ఓర్నీ... మరదలి సరుకా బావా ఇదంతా!” అన్నారు. బావ మొహం మాడిపోయింది. నాకు మాత్రం... నిజం చెబుతున్నా, చచ్చేంత సంతోషమేసింది.

ఆ సాయంత్రమే వాడు ఒడ్డుకి వెళ్ళాడు. మా నాన్న వల బాగు చేసుకుంటున్నాడు. పక్కన గొంతుక్కూర్చుని చెప్పాడట... నూకాలు కర్టెన్ వెనకాల మగపిల్లలతో కూర్చుంటోంది, కళ్ళారా చూశాను అని.

నాన్న ఇంటికొచ్చి అరవలేదు. నా ఫోన్ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాడు. “రేపట్నుంచి ఆ కొట్టు గుమ్మం తొక్కితే కాళ్ళిరగ్గొట్టేత్తాను” అన్నాడు. అంతే.

అమ్మ నా తరఫున గొంతు చించుకుంది. పాపం భాయ్ కూడా పని మానుకుని మా ఇంటికొచ్చి చెప్పాడు... “గుమ్మం కాడే కూసుంటాదన్నా, అల్లా మీద ఒట్టు” అని. నాన్న వింటేగా! “కొట్టు నీదాయె, నువ్వలాగే సెప్తావు” అని పంపేశాడు. సొంత మేనల్లుడు అబద్ధం ఎందుకు చెబుతాడు అన్నది నాన్న లెక్క.

నేను కొట్టుకి వెళ్ళడం ఆగిన వారం నుంచే బావ దగ్గర కొత్త పాటలు రావడమూ ఆగిపోయింది. మా పేటలో ఒక్కడంటే ఒక్కడికి అనుమానం రాలేదు చూడండి!

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న బావగారు పోస్టు పెట్టారు. “ఆ రోజుల్లో మా పేటకి పాప్, సోల్ పరిచయం చేసింది నేనే” అని. కింద “నువ్వు కేక బావా” అంటూ బారెడు కామెంట్లు. పైగా పాత ఫోన్ ఫోటో ఒకటి. అందులో పాటల లిస్టు... వాన పాట, అమ్మ విసుగు, పడవ లాగుడు! దొంగతనం చేసినవాడికి పేర్లు మార్చుకునే ఓపిక కూడా లేకపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

కామెంట్ పెట్టాను, తీసేశాడు. ఫోన్ చేసి, “పాత ఇసయాలెందుకే... నలుగురిలో పరువు పోద్ది” అన్నాడు. ఆ రోజు నా పరువు ఏమైందిరా?

పాటలదేముంది... ఇప్పుడు ఫోన్ ముట్టుకుంటే చాలు, మనం అడక్కుండానే కొత్తవి వచ్చి పడుతున్నాయి. మా అమ్మాయి వంటింట్లో నిలబడి ఏ దేశం పాటైనా వింటుంది. ఎక్కడికెళ్ళావు, ఎవరి పక్కన కూర్చున్నావు అని అడిగేవాళ్ళు లేరు. నాకు మాత్రం ఆ ఆదివారాలు మళ్ళీ రావు. నిన్న రాత్రి అన్నాల దగ్గర నాన్న ఆ పోస్టు మా అమ్మాయి చేత చదివించుకుని, “మనోడు సిన్నప్పట్నుంచీ తెలివైనోడే” అన్నాడు. నేను కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాను.

మీరూ చెప్పండి... మీకు మొట్టమొదట ఒక కొత్త పాట వినిపించిందెవరు? కామెంట్లో ఆ మనిషి పేరు రాయండి. ఎవరి పాట వాళ్ళకి ముట్టాలి.

బావా, ముందు నువ్వు రాయి. ఆ రోజు నేను ఎక్కడ కూర్చున్నానో కూడా రాయి. నాన్న ఇక్కడ నా పక్కనే ఉన్నాడు... చదివి వినిపిస్తాను.