సుక్కమ్మ వేళ్లు

చేవెళ్ల దగ్గర గులాబీ తోటలో పద్దెనిమిదేళ్లు పూలు కోసింది సుక్కమ్మ. పోయిన ఏడు ఆ తోట ప్లాట్లయింది. మొక్కలే పీకేసినవాళ్లకు పూలు కోసేవాళ్లతో ఏం పని! కూలి అడ్డా మీద నిలబడితే వయసు చూసి పక్కకు పొమ్మన్నారు. మొగుడు నర్సింహులు నడుం పడిపోయి మంచంలో ఉన్నాడు.

మొయినాబాద్‌లో బట్టల దుకాణం పైన కృష్ణవేణి పెళ్లి పట్టు జాకెట్ల మీద చేతికుట్టు చేయిస్తుంది. కొత్తవాళ్లకు నెలరోజులు నేర్పి, బాగా కుట్టిన ఒక్కరినే పనిలో పెట్టుకుంటుంది. ఆ ఒక్కరు తాను కాకపోతే ఇక దారి లేదని సుక్కమ్మకు తెలుసు.

కాడకుట్టు మూడు రోజుల్లో పట్టుబడింది, గొలుసుకుట్టు వారంలో. దారం బిగించి లాగితే బట్ట ముడుచుకుంటుందని ఒక్కసారే చెప్పించుకుంది. సూదికి దారం చుట్టి ముడికుట్టు వేస్తే గులాబీ మొగ్గ లేచి నిలబడేది. పక్కన కూర్చునే డిగ్రీ పిల్ల స్వప్నికకు మొగ్గ కుదరకపోతే చెయ్యి పట్టి నేర్పింది కూడా. ముళ్ల మధ్య పూలు తుంచిన మనిషికి సూది ఒక లెక్కా!

చిక్కంతా వేళ్లతోనే. ముళ్లు గీరి, మందునీళ్లు తగిలి పగిలిన వేళ్లవి. నూలుదారం ఓర్చుకునేది గాని, పట్టుదారం ఆ పగుళ్లలో చిక్కుకుని పోగులు లేచేది.

చివరి రోజు గిరాకీవాళ్ల పట్టు జాకెట్ల మీదే పరీక్ష. పొద్దున్నే సుక్కమ్మ భయంకొద్దీ వేళ్లకు కొబ్బరినూనె పట్టించి, కొంగుతో తుడుచుకుని వచ్చింది. తుడిస్తే పోయిందనుకుంది పిచ్చిది. పగుళ్లలో దిగిన నూనె ఎక్కడికి పోతుంది? దారం మాత్రం సాఫీగా నడిచింది. కొమ్మ, ఆకులు, ఐదు మొగ్గలు. ఆమె కుట్టినవాటిలో అంత బాగా ఏదీ రాలేదు.

కృష్ణవేణి దాన్ని కిటికీ వెలుగులో పెట్టింది. కొమ్మ చుట్టూ వేలిముద్రలంత మరకలు. పౌడర్ చల్లి చూశారు, పోలేదు. ఇంకొక్క జాకెట్ ఇమ్మని, కూలి లేకుండా కుడతానని సుక్కమ్మ బతిమాలింది.

కృష్ణవేణి ఆమె చేతులు తిప్పి చూసింది. కోప్పడినా బాగుండేది.

"నీ కుట్టుకు వంక లేదు సుక్కమ్మా. గీ చేతులు పట్టుకు పనికిరావు."

"గీ చేతులు గాక నా తాన ఇంకేమున్నది మేడమ్?"

కృష్ణవేణి చెయ్యి చాచి, సుక్కమ్మ కొంగుకు గుచ్చుకున్న సూది తీసి డబ్బాలో వేసింది.

మర్నాటి నుంచి స్వప్నికను పనికి రమ్మన్నారు. ఆ పిల్ల జాకెట్ మీద మొగ్గలన్నీ సుక్కమ్మ నేర్పినవే.