అవ్వ చీరలకు బదులొచ్చిన స్టీలు డబ్బా

మా వంటింట్లో మూత పట్టని పెద్ద స్టీలు డబ్బా ఒకటుంది. నేను చేసిన ఒక ఘనకార్యానికి అది సాక్ష్యం. ఆ కథ విని మీరు నవ్వుతారు, నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం నాలుగేళ్ళయినా ఆ డబ్బా కంటపడితే ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మా అక్కకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకు బొంత నేనే కుడతానని ఇంట్లో ప్రకటించాను.

"ఇట్ల కూచ్చో, నేను నేర్పిస్తా" అంది అవ్వ. అవ్వ అంటే మా అమ్మకు అమ్మ, కర్నూలు పక్కన కల్లూరులో మాతోనే ఉంటుంది. ఆమె కుట్టిన బొంత మీద పడుకోని పిల్లలు మా బంధువుల్లో లేరు.

"వద్దవ్వా, పుస్తకాలు చూసి పద్ధతిగా నేర్చుకుంటా" అన్నాను. నా తెలివి చూడండి. బావి గట్టున కూర్చుని ఫోన్లో నీళ్ళ సీసా ఆర్డరు పెట్టినట్టు.

మూడు పత్రికలు తెప్పించాను. ఎలా ఎంచుకున్నానంటారా? అట్టలు చూసి. మొదటిదాని మీద "ఏమీ రానివారికి" అని పెద్దక్షరాల్లో ఉంది. తెరవగానే గుండ్రటి కత్తి కావాలి, దాని కింద పరిచే పలక కావాలి, నేను పేరు కూడా వినని మరో పదకొండు వస్తువులు కావాలి అంది. అన్నీ మీ ఊళ్ళోని బొంతల సామాన్ల దుకాణంలో దొరుకుతాయట. కర్నూలులో ఆ దుకాణం ఎక్కడుందో రాసిన మహాతల్లే వచ్చి చూపించాలి. రెండోదాని నిండా మంచులో మునిగిన చెట్లు. మే నెలలో, మిద్దె మీద అడుగుపెడితే అరికాళ్ళు బొబ్బలెక్కే ఊళ్ళో, నేను మందంగా దూది పరిచి మంచు చెట్టు కుట్టాలి. ఇవి చాలవని ఫోన్లో పాఠాలకు కూడా చేరాను. అక్కడొకావిడ మూడు పాఠాల పాటు కత్తెర పట్టుకోవడమే నేర్పింది. వీళ్ళు ఎవరి కోసం రాస్తారో, ఎవరి కోసం చెబుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొంప ముంచింది మాత్రం మూడో పత్రిక. "కొత్తగా నేర్చుకునేవారు పాత గుడ్డ జోలికి పోవద్దు. పాతవి ఇంట్లోంచి తీసేసి, గట్టి కొత్త గుడ్డకు చోటు చెయ్యండి" అంది. సరేనని కొత్త గుడ్డ తెచ్చాను. చోటు కోసం అవ్వ ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున రంగు వెలిసిన నూలు చీరలు నాలుగు కనిపించాయి. అవ్వ వేంపల్లెలో చెల్లెలింటికి పోయి ఉంది. సరిగ్గా అప్పుడే పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆయన వీధిలోకి వచ్చాడు.

"ఏమప్పా, వీటికేమిస్తావు?"

ఆయన ఒక చీరను చేత్తో నిమిరాడు. "శానా మెత్తగుండాయి తల్లీ. ఇంట్లో పెద్దోళ్ళను అడిగినావా?"

"అడిగేదేముందప్పా? ఆ డబ్బా ఇయ్యి."

చూశారా, సామాన్లాయనకు కూడా అనుమానం వచ్చింది. నాకు రాలేదు.

రెండు వారాలకు అవ్వ వచ్చి పెట్టె తెరిచింది.

"చీరలు యాడ పెట్టినావే?"

"పాతవే కదవ్వా. డబ్బా వచ్చింది."

అవ్వ పెట్టె పక్కనే కూర్చుండిపోయింది. "మీ తాత మగ్గం మీద నేసిన చీరలే అవి. నలభై ఏండ్లు కట్టి మెత్తజేసుకుంటి. పుట్టే బిడ్డకని దాచిపెడితి."

"నాతో చెప్పొచ్చు కదవ్వా."

"నువ్వు పుస్తకాలు చదువుతాంటివి. నా మాట యాడ ఇంటివి?"

"కొత్త గుడ్డ ఉంది, దాంతో కుడతా."

"పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ తాకిస్తారా యాడన్నా?"

ఆ సంగతి నాకూ తెలుసు. మా ఇళ్ళలో బిడ్డను మొదట పెద్దవాళ్ళు కట్టిన చీరలోనే చుడతారు. అచ్చులో చూసిన ముక్క కోసం అదంతా మరిచిపోయాను. తాత లేడు, మగ్గం ఎప్పుడో తీసేశారు, అలాంటి చీరలు ఇక ఎక్కడా దొరకవు. ఏడుపొచ్చింది. ఏడుస్తున్నందుకు నా మీద నాకే ఇంకా కోపమొచ్చింది.

డబ్బా చంకన పెట్టుకుని, అవ్వను వెంటబెట్టుకుని సామాన్లాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు వీధుల అవతలే ఉంది.

"ఏమప్పా, ఇదో నీ డబ్బా. మా చీరలు మాకియ్యి" అని గడపలోంచే గొంతు పెంచాను.

ఆయన భార్య నోటి మీద వేలేసుకుని బయటికొచ్చింది. "మెల్లగ మాట్లాడక్కా. పాప ఇప్పుడే పండుకునింది."

లోపల చాప మీద నెలల పాప నిద్రపోతోంది. పాప కింద బొంత. తాత నేసిన నాలుగు చీరలూ ఆ బొంతలో ఉన్నాయి, అంచులు చుట్టూ వచ్చేలా, కుట్లు గీత గీసినట్టు తిన్నగా.

నేను నోరు తెరవబోతే అవ్వ నా చేయి నొక్కింది. వంగి ఆ కుట్ల మీద వేళ్ళతో తడిమింది.

"బాగా కుట్టినావమ్మా. ఎవురు నేర్పించిరి?"

"మా యవ్వ."

అవ్వ తల తిప్పి నావైపు చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

సంగతి తెలుసుకుని ఆ అమ్మాయి, "పాప లేచినాక తీసకపోండవ్వా" అంది.

"బిడ్డ కింద బొంత ఎవురన్నా లాగుతారామ్మా? ఉండనీ" అని అవ్వ వెనక్కి తిరిగింది. డబ్బా మళ్ళీ నా చంకలోనే ఇంటికొచ్చింది.

తాత నేసిన చీర ఇంకొక్కటే మిగిలింది, అవ్వ ఒంటి మీద ఉన్నది. ఇంటికి రాగానే దాన్ని మార్చుకుని, ఉతికి ఆరేసింది. మర్నాడు నాలుగు మడతలు వేసి నా ముందు పరిచి, సూది నా చేతికిచ్చింది. పది రోజులు ఆమె పక్కన కూర్చుని కుట్టాను. నా కుట్లు వంకరగా పోతే విప్పించింది, మళ్ళీ కుట్టించింది. అక్క కూతురు పుట్టగానే పడుకున్నది దాని మీదే.

ఆ తర్వాత సామాన్లాయన మా వీధికి వచ్చినప్పుడు మూడు పత్రికలూ ఆయన ముందు పెట్టాను. "వీటికేమిస్తావప్పా?"

ఆయన మంచు చెట్టు బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. "ఇవి మాకొద్దు తల్లీ. పాత చీరలుంటే చెప్పు."

అందుకని మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఆవకాయ పెట్టాలన్నా, ఆకాశంలో ఎగరాలన్నా ముందు మా ఇంట్లో ఎవరికొచ్చో అడుగుతాను, ఆ తర్వాతే పత్రికల అట్టలు చూస్తాను. ఈ మాట ఆ స్టీలు డబ్బా మీద చెయ్యేసి చెబుతున్నాను. ఆ మూడు పత్రికలూ ఇప్పుడు దాంట్లోనే ఉన్నాయి. మూత పట్టనిది అందుకే.