కొక్కెం తిరిగిన మిరపకాయ

రాజేశ్వరికి కోపం వస్తే ముందు కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది. ఆ పూట పెట్టలేదు, విసిరినంత పని చేసింది.

"ఇంతకీ ఆయనతో ఏమన్నారు?"

"అవుతుందన్నాను," అన్నాడు అశోక్, హెల్మెట్ ఇంకా చంకలోనే ఉంది.

"ఈ బొమ్మ మీరు చూశారా అసలు?"

"చూశానే. మిరపచెట్టు. కాయలు. బాగుంది కదా!"

బాగుంది నిజమే. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే పిచ్చయ్యగారు కొత్త ఇల్లు కట్టుకుని, వీధి గుమ్మం పైన రంగు అద్దాలతో మిరపచెట్టు పెట్టించాలనుకున్నారు. ఎవరిచేతో గీయించి పంపారు. చెట్టు నిండా ఎర్రటి కాయలు, ప్రతి కాయా కొక్కెంలా వంగి, తొడిమ దగ్గర ఒక మెలిక, కొస దగ్గర ఇంకో మెలిక. ఒక్కో కాయా ఒకే ముక్కగా ఉండాలట, మధ్యలో అతుకు కనపడకూడదట.

"అద్దం లోపలి వంపుకి ఒప్పుకోదండీ. బయటికి ఉబ్బిన వంపు ఎంతైనా కోస్తాను. ఇట్లా లోపలికి గుంటపడేదాన్ని గీసి విరిస్తే, చీలిక నా గీత వెంట రాదు, దగ్గర దారి చూసుకుని అంచుకి పోతుంది. కాయ రెండు ముక్కలవుతుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతున్నాను ఈ మాట!"

"నీ చేతిలో కానిది ఏముంది రాజీ," అన్నాడు అశోక్. ఆ మెచ్చుకోలు వింటే ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

చీరాలలో దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే గురవయ్య కూతురు రాజేశ్వరి. గౌన్లు తొడుక్కునే వయసులోనే నాన్న పక్కన కూర్చుని కట్టర్ పట్టింది. గీత ఒక్కసారే గీయాలి, రెండోసారి అదే గీత మీద పోతే అద్దమూ పాడు, కట్టర్ చక్రమూ పాడు అని ఆయన దగ్గరే నేర్చుకుంది. రంగు అద్దాల పని మాత్రం తర్వాత చెన్నైలో కొన్నాళ్ళుండి నేర్చుకొచ్చింది. అశోక్ అంతకుముందు మందుల కంపెనీకి డాక్టర్ల చుట్టూ తిరిగేవాడు. నోరు మంచిది. గుంటూరులో ఇద్దరూ కలిసి షాపు పెట్టినప్పుడు, గిరాకీలతో మాట్లాడటం అతని వంతు, కోయడం ఆమె వంతు అనుకున్నారు. అప్పుడది ఎంతో సబబుగా కనిపించింది. ఆ తర్వాత అతను ఒప్పుకున్న నెమలి కంఠాలూ, శంఖాల మెలికలూ, అర్ధచంద్రాలూ ఆమె వేళ్ళ మీద గాట్లుగా మిగిలాయి.

సరే, మొదలుపెట్టింది. ఎర్ర అద్దం షీట్లు రెండే ఉన్నాయి, మళ్ళీ తెప్పించాలంటే గృహప్రవేశం దాటిపోతుంది. అందుకని ముందు మామూలు కిటికీ అద్దం మీద ప్రయత్నించింది. మొదటి కాయ మెడ దగ్గర విరిగింది. రెండోది నడుము దగ్గర విరిగింది. మూడోది అంతా బాగా వచ్చి, ఆఖరి కొసని పటకారుతో కొరుకుతుంటే టిక్కుమని పోయింది. అప్పుడే కరెంటు కూడా పోయింది. ఉక్కపోతలో చెమట కళ్ళలోకి దిగి, విరిగిన ముక్కల మధ్య కూర్చుని పిచ్చయ్యగారినీ, బొమ్మ గీసినవాణ్ణీ, అశోక్‌నీ వరసపెట్టి తిట్టుకుంది.

మర్నాడు పొద్దున చూస్తే షాపులో ఒక ఎర్ర షీటు లేదు. అశోక్ కూడా లేడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"రాజీ, కోప్పడనంటే ఒక మాట."

"ఎక్కడున్నారు?"

"చీమకుర్తిలో. ఇక్కడ రాయిని నీటి ధారతో కోసే మిషను ఉంది. గ్రానైట్‌నే ఏ వంపు కావాలంటే ఆ వంపు కోసేస్తోంది, అద్దం ఎంతలే అనుకున్నా. నీకు శ్రమ తప్పుతుందని…"

"అయ్యిందా?"

"ధార తగలగానే షీటు అడ్డంగా బీటేసింది."

రాజేశ్వరి ఫోన్ పెట్టేసి, మిగిలిన షీటుని పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది. చున్నీ మీదేసుకుని, ఆటో ఎక్కి నేరుగా మిర్చి యార్డుకు వెళ్ళింది.

యార్డులో అడుగు పెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాల గుట్టల మధ్య, భుజాన తువ్వాలుతో పిచ్చయ్యగారు ఎవరితోనో గట్టిగా బేరమాడుతున్నారు.

"ఏంటమ్మా ఇట్టా వచ్చావు? అయిపోయిందా పని?"

"కాలేదండీ. ఒక్కో కాయా రెండు ముక్కలుగా కోసి అతికిస్తాను. సన్న గీత కనపడుతుంది, అంతే."

"అట్టా వద్దమ్మా. మధ్యలో గీత ఉంటే విరిగిన కాయే. అందులో ఒక ముక్క ఎరుపూ ఒక ముక్క పాలిపోయీ వచ్చిందనుకో, తాలు అంటారు చూసినోళ్ళు. ఇన్నేళ్ళుగా తాలు కాయలు ఏరేయించిన మనిషిని, గుమ్మం మీద తాలు ఎక్కిస్తానా?"

తుమ్ము ఆపుకుని, ఆమె ఉన్నమాట చెప్పేసింది. "అయితే ఇన్ని వంకర కాయలు నావల్ల కాదండీ. ఎరుపు ఒక్క షీటే ఉంది. ఒకే ఒక్క కాయ కొక్కెంగా కోస్తాను, మధ్యలో పెడతాను. మిగతావి నిటారుగా వేలాడతాయి."

పెద్ద గొడవే అవుతుందని గుండె దిటవు చేసుకుంది. పిచ్చయ్యగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"దానికేముందమ్మా, అట్టనే చెయ్యి. ముందు నేను నిటారు కాయలే గీయించా. మీ ఆయనే, వంకరగా ఉంటే అందం బాబాయ్, మా ఆవిడ ఎట్టాంటి వంపైనా కోస్తది, అన్నాడు. సరేలే అని అన్నీ వంకర గీయించా."

అక్కడే ఉన్న టిక్కీ మీద కూలబడింది రాజేశ్వరి. కళ్ళలో నీళ్ళు మిరప ఘాటుకో మొగుడి మీద ఒళ్ళుమంటకో ఆమెకే తెలియలేదు.

నిటారు కాయలు రెండు రోజుల్లో తేలిగ్గా అయిపోయాయి. కొక్కెం కాయకి మాత్రం ఒక పూటంతా పట్టింది. వంపుని ఒక్క గీతతో తీయాలని చూడలేదు. నెలవంకల్లాంటి సన్న గీతలు ఒకదాని వెనక ఒకటి గీసింది, కింద నుంచి మెల్లగా తడుతూ, ఒక్కో నెలవంకనీ విడదీసుకుంటూ లోపలికి పోయింది. ఆఖరి పొర దగ్గర పటకారు పక్కన పెట్టి, నీళ్ళు పడే సానరాయి మీద అరగదీసింది. అశోక్ గడపలో నిలబడి చూస్తున్నాడు. "మాట్లాడారంటే ఊరుకోను," అంది తల ఎత్తకుండా. అతను ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చాడు. కాయ విరగలేదు.

గృహప్రవేశం నాడు ఎండ పడి గుమ్మం లోపల గచ్చు మీద ఎర్రగా వెలుగు పరుచుకుంది. వచ్చినవాళ్ళందరూ తలెత్తి చూశారు. పిచ్చయ్యగారి భార్య సుబ్బరావమ్మ రాజేశ్వరికి బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇస్తూ, "మీ ఆయన చేతిలో ఎంత పనితనమమ్మా! ఆ వంకర కాయ మధ్యలో పెట్టడం కూడా ఆయన ఊహేనంటగా," అంది.

"ఆయన చెప్పారా?"

"ఇందాకే అందరికీ చెబుతున్నాడు."

అశోక్ బంతిలో కూర్చుని పులిహోర తింటున్నాడు, చుట్టూ నలుగురు. "ఏమైనా అవుతుందండీ, మీరు బొమ్మ పంపండి చాలు," అనడం ఆమెకు స్పష్టంగా వినిపించింది.

ఇంటికొచ్చాక చెయ్యి చాపింది. "ఫోన్ ఇటివ్వండి. షాపు ఫోన్."

"ఎందుకు?"

"ఇక నుంచి నేను మాట్లాడతాను. మీరు అద్దాలు బిగించడానికి వెళ్ళండి. అక్కడ ఎన్ని కబుర్లు చెప్పినా నాకేం నష్టం లేదు."

అశోక్ వాదించబోయాడు. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసరికి ఫోన్ ఇచ్చేశాడు.

మొదటి వారం ఆమె చాలామందికి కాదని చెప్పింది. ఇద్దరు ఇంకో షాపుకి పోయారు. అశోక్ మొహం వేలాడేసుకుని నిచ్చెన సర్దుకున్నాడు. తర్వాత సింగరాయకొండ నుంచి ఒకావిడ పూజగది తలుపుకి హంస కావాలని బొమ్మ పంపింది, మెడ ఎస్ అక్షరంలా ఉంది.

"మెడలో రెండుచోట్ల అతుకు వస్తుందండీ. వద్దంటే నేను చేయను," అంది రాజేశ్వరి.

ఆవిడ కాసేపు సణిగింది. "సరే, అతుకుల మీద హారంలాగా ఏదైనా వేయండి," అంది చివరికి.

ఇంకా పని పెంచింది ఈవిడ, అనుకుని విసుక్కుంటూనే రాజేశ్వరి తెల్ల అద్దం బల్ల మీదికి లాగింది.