పటాలం రివాజు

నిన్న ఉదయం గచ్చిబౌలి చౌరస్తాలో నేనెక్కిన ఆటో ఆగిపోయింది. ఆఫీసు బస్సులన్నిటినీ పక్కకు ఆపించి, ఆకుపచ్చ గుడ్డ కప్పిన సైనిక లారీలు వరసగా పోతున్నాయి. "పరేషాన్ కాకున్రి మేడం, జర ఆగి పోదం," అన్నాడు డ్రైవరు. నా కంగారు ఆలస్యమవుతుందని కాదని అతనికెలా తెలుస్తుంది?

మావారు రిజర్వు పటాలంలో ఆఫీసరుగా ఉండేవారు. ఏడాదిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, శిక్షణ రోజులొచ్చేసరికి పొట్ట లోపలికి లాక్కుని బయల్దేరేవారు. తమ పటాలం చరిత్ర మొదలుపెట్టారంటే కంచంలో అన్నం చల్లారాల్సిందే. వెనకటి రోజుల్లో రైల్వే గుమాస్తాలూ బడిపంతుళ్లూ మిల్లు కార్మికులూ కలిస్తే ఏర్పడిన పటాలమట. బూట్లు చాలక మొదటి కవాతు చెప్పులతోనే చేశారట. అందుకని పటాలం పుట్టినరోజున ముందు వరసవాళ్లు ఇప్పటికీ చెప్పులతోనే నడుస్తారు. "ఇంకే పటాలానికైనా ఉందా ఈ గౌరవం?" అనేవారు. నవ్వు ఆపుకోవడం నా వంతు.

ఆ పుట్టినరోజుకు ఒకసారి నేనూ వెళ్లాను. కవాతు అయ్యాక పేరుపేరునా హాజరు పిలిచారు. ఒక పేరుకు మాత్రం పటాలమంతా ఒక్కసారిగా "హాజర్!" అని అరిచింది. ఆ పేరుగల జవాను సరిహద్దులో చనిపోయాడనీ, నా పక్కన నిలబడ్డామె అతని భార్య అనీ అప్పుడు తెలిసింది. కడప నుంచి వచ్చిందామె. "ఏటా వస్తానమ్మా, ఈ కేక వినేదానికే," అంది. ఇంటికొచ్చాక ఆ కేక గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందు మావారి పేరే వినిపించేది.

మరుసటి ఏడాది సరిహద్దులో పరిస్థితి చెడి ఆయనకు పిలుపొచ్చింది. ఆఫీసు మీటింగు మధ్యలో లేచి సామాను సర్దుకుని, పుప్పాలగూడలోని మా ఫ్లాట్ నుంచి వెళ్లిపోయారు. ఆయనున్న చోట ఫోన్లు పనిచెయ్యవు. తెలియని నంబరు మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. తీరా అది విల్లాలు అమ్మేవాళ్లదని తెలిసేది. వాళ్లతో అంత ప్రేమగా మాట్లాడినవాళ్లు హైదరాబాదులో నేను తప్ప ఇంకెవరూ ఉండరు.

ఒక మధ్యాహ్నం బెల్ మోగింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తే యూనిఫాం. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గడియ తియ్యకుండా తలుపుకానుకుని కూర్చున్నాను. తెరవనంతసేపూ ఆయన బతికే ఉంటారనిపించింది.

"అక్కా, నేను సార్ కంపెనీ జవాన్ని. మాది తెల్లాపూర్. సెలవు మీదొచ్చిన. తలుపు తియ్యున్రి."

నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఏడుపు బయటికి వినపడినట్టుంది.

"అయ్యో, ఏడుస్తున్నరా? సార్ మంచిగున్నడక్కా! దేవుని తోడు, మంచిగున్నడు!"

తీశాను. నాకంటే అతనే ఎక్కువ భయపడిపోయి ఉన్నాడు. సెలవు మీద ముందెవరొచ్చినా, తోటివాళ్ల ఇళ్లకు యూనిఫాంలోనే వెళ్లి క్షేమం చెప్పి రావాలట. ఫోన్లు లేని కాలం నాటి రివాజట. "మామూలు బట్టలల్ల పొమ్మని మా అమ్మ మొత్తుకుంది. నేనే వినలె," అన్నాడు తలొంచుకుని. ఉప్మా చేసి పెట్టాను. పరధ్యానంలో ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను. ఒక్క మాటా అనకుండా తినేశాడు.

కొన్ని నెలలకు మావారు క్షేమంగా తిరిగొచ్చారు. నేను చెప్పింది విని మొదట నవ్వారు, తర్వాత ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లారు. పటాలంలో ఎవరెవరితో ఏమన్నారో గానీ, అప్పటినుంచి సెలవు మీదొచ్చిన జవాన్లు ఏ ఇంటికెళ్లినా, బెల్ కొట్టకముందే మెట్ల దగ్గర నుంచి "మంచిగున్నడు!" అని కేకేసి మరీ తలుపు దగ్గరికి వెళ్తున్నారు. కొత్తగా చేరినవాళ్లు అది కూడా మొదటినుంచీ ఉన్న రివాజే అనుకుంటారట. వాళ్లకది ఆనవాయితీ అయ్యేంత కాలం గడిచింది. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఇంకా గడవలేదు.