అప్పడాల పళ్ళెంలో మంచు ఓడ

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు చదువు పిచ్చి పట్టించింది పుస్తకం కాదు, సబ్బు చుట్టి ఇచ్చిన కాగితం. చౌక్తడా బజారులో నాన్న కొన్న ఆ సబ్బు అరిగిపోయింది, కాగితం నా దగ్గర ఉండిపోయింది. ఏదో ఇంగ్లీషు పత్రికలోని పేజీ అది. ముక్కెత్తి మంచు మీదికి ఎక్కుతున్న రష్యా ఓడ బొమ్మ ఉంది. రంగూన్‌లో పుట్టిన నాకు మంచు అంటే రంపపు పొట్టులో పెట్టి అమ్మే గడ్డే. సముద్రమంత గడ్డ మీదికి ఓడ ఎందుకు ఎక్కుతుందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. మిషన్ బడిలో నేర్చిన కాస్త ఇంగ్లీషుతో, ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ నెలల తరబడి చదివాను.

పూర్వం రష్యా ఉత్తరపు తీరంవాళ్ళు కర్ర పడవలను గుండ్రటి పొట్టతో కట్టేవారట. మంచు రెండు పక్కలా నొక్కితే పడవ నలగకుండా పైకి లేచేది. చాలాకాలానికి ఒక రష్యా రేవులో ఓ వర్తకుడు తన చిన్న పొగ పడవ ముక్కును ఏటవాలుగా కోయించాడు. ఆ పడవ మంచును గుద్దలేదు, ఎక్కి కూర్చుంది. కింద మంచు విరిగింది. పెద్ద ఉక్కు ఓడలకు కూడా తర్వాత అదే ఉపాయం.

రంగూన్‌లోనే అహ్లోన్ పేటలో బియ్యం మిల్లుల వెనక మా తెలుగువాళ్ళకొక చదువు గది ఉండేది. ఆదివారం సాయంత్రం గుమాస్తాగారొకరు వారం పత్రికలు పైకి చదివేవారు. మగవాళ్ళు లోపల, ఆడవాళ్ళం వరండాలో చాప మీద. టీ కాచి, అప్పడాలు వేయించి లోపలికి అందించడం మా వంతు. తెరిచిన తలుపులోంచి వినబడినంతే మా చదువు.

ఒక ఆదివారం ఆయన కళ్ళజోడు తీసి, "ఆడోళ్ళు కబుర్లకే వస్తన్నారు. ఈ వార్తలు ఆళ్ళకేటి అర్థమవుతాయి? వచ్చే వారం నుంచి తలుపు మూసేద్దాం," అన్నారు. తర్వాత ఒక వార్త చదివారు: ఉత్తరాన ఎగురుతూ మంచు మీద కూలిన గాలి ఓడలోని మనుషులను రష్యా ఓడ ఒకటి కాపాడిందట. "దాని ముందర రంపముంటాది. మంచుని పరపరా కోసుకుపోద్ది," అని వివరించారు.

"కొయ్యదు."

ఆ గొంతు నాదే. పక్కింటివాళ్ళకు కూడా నా గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

"ఏటి గుంటా? ఎళ్ళి సూసొచ్చావేటి?" అన్నారాయన.

లోపల అందరూ నవ్వారు.

"సూడలేదు బాబూ. సదివాను."

ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి గడప మీద పెట్టాను. అందులో ఒక అప్పడం వేసి, చాకు మొనతో అంచును పొడిచాను. అది గిర్రున తిరిగి తప్పించుకుంది.

"మంచు పారిపోతందిరోయ్, పట్టండి!" అన్నాడు ఒకడు.

ఈసారి గరిటె వీపును అంచు మీదికి ఎక్కించి నొక్కాను. ఫట్. కాస్త ముందుకు జరిపి మళ్ళీ నొక్కాను. ఫట్.

"ఇలా ఎక్కుతాది. తన బరువుతోనే ఇరుస్తాది. రంపం లేదు."

గుమాస్తాగారు ముక్కలైన అప్పడాన్ని చూసి, "సూసారా? తలుపు మూయమన్నది ఇందుకే," అన్నారు.

అన్నట్టే మరుసటి ఆదివారం తలుపు మూసి గడియ పెట్టారు. అంతకుముందే లోపలికి వెళ్తూ నాన్న ఒక తెలుగు పత్రిక మడిచి నా ఒళ్ళో పడేసి పోయాడు.

మేము ఇళ్ళకు పోలేదు. చాపను తలుపుకు ఆనించి పరిచాం. టీ, అప్పడాలు మా వైపే ఉండిపోయాయి.

"టీ ఏదే?" అని లోపల్నుంచి కేక.

"కబుర్లలో ఉన్నాం బాబూ!" అంది అమ్మ. ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు.

పత్రిక విప్పాను. నాకే వినబడీ వినబడనట్టు రెండు ముక్కలు చదివాను. అమ్మ మోచేత్తో పొడిచింది.

"ఆళ్ళు తలుపేసుకున్నారు కదమ్మా. గట్టిగా సదువు, లోపలికి ఇనపడాల."