ముద్దకొక గింజ

చదువుకున్న తల్లి వల్ల పసిబిడ్డకు ఎంత ముప్పో తెలుసుకోవాలంటే ఇది చదవండి. ఒక నోటుబుక్కు, ఒక గడియారం, గుప్పెడు గింజలతో మూడే మూడు రోజుల్లో ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి మెట్లెక్కించినదాన్ని నేను. నవ్వండి, ఫరవాలేదు. తప్పంతా నాదేనని మాత్రం నాచేత ఒప్పించలేరు.

అప్పుడు మా సరళకు రెండేళ్లు. అది ఏమీ తినడం లేదని నా దిగులు. దాని చేతులు నాకు అగ్గిపుల్లల్లా కనబడేవి. మా అత్తకు అవే చేతులు అరటిబోదెల్లా కనబడేవి.

"బిడ్డ చిక్కిపోతాంది అత్తా. అనంతపురం పోయి డాక్టరమ్మకు చూపిద్దాం."

"చిక్కింది నీ చూపు. బిడ్డ గుండ్రాయి మాదిరి ఉండాది."

"తినడం లేదని రుజువు చేస్తే?"

"చేస్తే ఆ పొద్దే బస్సెక్కుదాం. చేయలేకపోతే నీ పుస్తకాలు అటకెక్కాల."

పందెం కుదిరింది. పిల్లల ప్రవర్తనను గమనించి రాసుకునే పద్ధతులు కాలేజీలో మాకొక పాఠం. అందులో నేనే ఫస్టు. ఒక్కటే లోపం: ఆ పాఠంలో పిల్లలు బొమ్మల్లో ఉండేవారు. కదిలేవారు కారు.

మొదటి రోజు, చూసింది చూసినట్టు రాసే పద్ధతి. "ఉదయం ఎనిమిది గంటలకు సరళ అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో కుడిచెవి పట్టుకుని, సంగటి వైపు విరక్తిగా చూసింది" అని రాసి తలెత్తాను. అరుగు మీద సరళా లేదు, గిన్నెలో సంగటీ లేదు. కుక్క తినేసిందని రాశాను. మాకు కుక్క లేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

రెండో రోజు గడియారం పద్ధతి. పది నిమిషాలకొకసారి తలెత్తి చూడాలి. తింటుంటే టిక్కు, లేకపోతే సున్నా. మధ్యలో చూడకూడదు, అది నియమం. సాయంత్రానికి పేజీ గుడ్లబుట్టలా తయారైంది.

"చూడు అత్తా! పొద్దున్నించి ఒక్క ముద్ద తినలేదు!"

"మూడు తూర్లు నేనే తినిపిస్తినే! నువ్వు గడియారం చూస్తాంటివి."

"నేను చూసినప్పుడు తినలేదు కదా?"

"నువ్వు చూసేదాకా నోరు తెర్సుకోని కూసోవాల్నా ఏమే?"

శాస్త్రాన్ని ఇంత మాటంటే ఊరుకుంటానా? మూడో రోజు లెక్క పద్ధతి. బిడ్డ ముద్ద మింగినప్పుడల్లా డబ్బాలో ఒక గింజ వేయాలి. గింజల కోసం ఊరంతా తిరగనక్కర్లేదు. వాన పడితే విత్తాలని అత్త వేళ్లు కాయలు కాసేలా ఒలిచి పెట్టిన శెనక్కాయ విత్తనం మూలనే ఉంది. ఆకాశంలో చూస్తే మబ్బుతునక లేదు. ఓ గుప్పెడు తీస్తే ఎవరికి తెలుస్తుంది? డబ్బా చేతికి అందేచోట పెట్టాను. నా చేతికే అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఇరవైకి పైగా వేశాను. మిగతా గింజలు కూడా డబ్బా పక్కనే వదిలి, నీళ్లకు పోయి, బావి దగ్గర గంటసేపు వరుసలో నిలబడి వచ్చాను. అరుగు మీద ఒక్క గింజ లేదు. డబ్బా ఖాళీ. పక్కన సరళ కడుపు పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తోంది. నేను వేసిన గింజలేమయ్యాయని ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. డబ్బా ఎంత చెబితే అంత!

"సున్నా! అత్తా, లెక్క సున్నా! బిడ్డ ఆకలితో మెలికలు తిరుగుతాంది!"

ఆ ఏడుపు చూసి అత్త కూడా బెదిరింది. రాప్తాడులో బస్సెక్కి అనంతపురం చేరేదాకా నేను బిడ్డకంటే గట్టిగా ఏడ్చాను.

డాక్టరమ్మ సరళ పొట్ట నొక్కి, నోరు తెరిపించి పళ్ల సందుల్లో పలుకులు చూసింది. "పచ్చి శెనక్కాయ గింజలు ఎన్ని తినిందమ్మా?"

అత్త నా వైపు తిరిగింది. "యాడివే గింజలు?"

"మూలన మూటలోవి అత్తా."

"నా విత్తనమా!" ఆ అరుపుకు సరళ ఏడుపు ఆపేసింది.

డాక్టరమ్మ బిడ్డను తూచి, "అజీర్ణం. మందిస్తాను, తగ్గిపోతుంది. బరువు చక్కగా ఉంది" అంది. తర్వాత నా మణికట్టు పట్టుకుని చూసింది. "నువ్వు తిండి తిని ఎన్నాళ్లయింది?"

అలవాటు కొద్దీ నోటుబుక్కు తెరిచాను. మూడు పద్ధతుల్లో ఏ ఒక్కదాంట్లోనూ నేను లేను.

ఇంటికి రాగానే అత్త నన్ను పీట మీద కూర్చోబెట్టి, కంచంలో సంగటి పెట్టి, డబ్బా తన ఒళ్లో పెట్టుకుంది. నేను మింగినప్పుడల్లా టక్కుమని ఒక గింజ.

"పదకొండు. ఇంగా మింగు."

"చాలు అత్తా."

"చాలంటే ఎట్ల? రుజువు కావాల కదా!"

నా పుస్తకాలు అటకెక్కలేదు. ఎందుకెక్కాలి? మూడో పద్ధతి భేషుగ్గా పనిచేస్తుందని మా అత్తే రుజువు చేసింది.

అయినా ఇంటి దేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నోట పెట్టుకునే గింజతో ఇంకెన్నడూ బిడ్డ తిండి లెక్కపెట్టను. ఇప్పుడు నాకు రెండో కూతురు. దీని చేతులు చూస్తే అచ్చం అగ్గిపుల్లలే. ఏమీ తినడం లేదు. గోడ మీద గీతలు గీయడానికి బొగ్గు సిద్ధం చేసుకున్నాను.