యెరోలిమ్ గుండెలో తెల్లచార

మా ద్వీపపు రాతిగనిలో యెరోలిమ్ నలభై ఏళ్లు ఉలి పట్టాడు. చివరి పదేళ్లు నేను అతని పక్కనే పనిచేశాను. ఫిబ్రవరిలో ఒక పొద్దున అతనికి ఛాతీ పట్టేసింది. అజీర్తి అనుకుని భార్య పెరినా సోడా కలిపిచ్చి పనికి పంపింది. మధ్యాహ్నానికి గనిలో కూలబడ్డాడు. గాలి హోరుకి పడవ ఆలస్యమైంది. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో, మూసుకుపోయిన నాళం తెరిచి స్టెంట్ వేసేసరికి సాయంత్రమైంది. గుండె ఏమాత్రం కోలుకుందో నాలుగు నెలల తర్వాత స్కానింగ్‌లో చూద్దామన్నారు.

ఆ నాలుగు నెలలూ బడిపిల్లాడిలా మాట విన్నాడు. సిగరెట్లు మానేశాడు. రోజూ రేవుదాకా నడిచేవాడు.

"ఉప్పులేదని మూతి ముడుస్తావేం? మగాడివి కాదూ!" అనేది పెరినా.

"నీ వంట తినడానికి మగతనం చాలదే, వైరాగ్యం కావాలి."

జూన్‌లో స్కానింగ్‌కి అతనూ నేనూ వెళ్లాం. గొట్టంలాంటి యంత్రంలో గంటసేపు పడుకోబెట్టారు. తర్వాత డాక్టరమ్మ తెరమీద బొమ్మలు చూపించింది. నల్లటి గుండె, దాని ముందుగోడ పొడవునా వెడల్పాటి తెల్లచార.

"ఇది మచ్చండీ. స్టెంట్ బాగానే ఉంది. కానీ అది వేసేలోపే ఇక్కడి కండ చచ్చిపోయింది. ఇక తిరిగి రాదు."

"ఇంకా నడుస్తానమ్మా. రెండింతలు నడుస్తాను."

"నడవండి, మిగిలింది నిలబడుతుంది. గనికి మాత్రం వెళ్లకండి."

"ఆ పొద్దున్నే వచ్చుంటే?"

ఆమె తెర ఆపేసింది. "చాలావరకు దక్కేది."

తిరుగు పడవలో నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆ చివరి మాట పెరినా చెవిన పడకూడదురా."

ఆ సాయంత్రమే ఆమె నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"సోడా ఇచ్చి పంపకుండా అప్పుడే తీసుకెళ్లుంటే బాగయ్యేవాడా?"

"లేదు వదినా, అప్పటికే అయిపోయిందట."

నా మొహంలోకి చూసింది. "నీకు అబద్ధమాడటం రాదు నాయనా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అతణ్ణి వేళాకోళం ఆడటం మానేసింది. అతనికి అదే బెంగ. "తిట్టవే, ఒక్కసారి తిట్టు" అని బతిమాలేవాడు. ఆమె మందులు చేతిలో పెట్టి వెళ్లిపోయేది. సెప్టెంబరుకి కాళ్లు వాచాయి. రేవుదాకా నడిచేవాడు పెరటి గోడదాకా నడిచి ఆగిపోయేవాడు. పడుకుంటే ఊపిరాడక కుర్చీలోనే నిద్రపోయేవాడు.

నవంబరులో, వర్షం పడుతున్న ఒక ఆదివారం, ఆ కుర్చీలోనే పోయాడు. పెరినా కబురు పంపితే వెళ్లాను. ఆమె అతని వాచిన పాదాలు ఒళ్లో పెట్టుకుని మేజోళ్లు తొడుగుతోంది. అవి ఎక్కడం లేదు.